మెదడుకెక్కిన జ్వరం, మొద్దుబారుతున్న మందు

ఉగాండాలో, నైలు నది విక్టోరియా సరస్సును విడిచి బయలుదేరే చోట, జింజా అనే పట్టణం ఉంది. ప్రాణం మీదికి వచ్చిన మలేరియాతో అక్కడి ప్రభుత్వాసుపత్రిలో చేరిన వంద మంది పిల్లల రక్తాన్ని పరిశోధకులు గంటల లెక్కన పరీక్షించారు. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పడ్డాక రక్తంలోని పరాన్నజీవులు ఎంత వేగంగా తగ్గుతున్నాయో చూడడమే వారి ఉద్దేశం. వాటి సంఖ్య సగానికి పడిపోవడానికి ఐదు గంటల కంటే ఎక్కువ పడితే మందు పట్టు సడలిందని లెక్క. వందలో పదకొండు మందిలో అలాగే జరిగింది. 2024 నవంబరులో ఈ ఫలితం బయటికొచ్చింది.

మన పత్రికలు, ఛానళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన వాళ్లలో కొందరు సర్దిచెప్పుకున్నారు కూడా. ఇది పూర్తి నిరోధం కాదు, పాక్షిక నిరోధమే. మందు కాస్త ఆలస్యంగానైనా పనిచేస్తుంది, జతగా ఇచ్చే రెండో మందు మిగిలిన పని పూర్తిచేస్తుంది అన్నది వారి ధీమా. నడిచి ఆసుపత్రికి వచ్చి, మాత్ర మింగి, ఇంటికి వెళ్లగలిగే రోగి విషయంలో ఆ ధీమాకు కొంత ఆధారం ఉంది. మూర్ఛలు వచ్చి, కోమాలోకి జారి, తల్లి ఒళ్లో వేలాడిపోతున్న మూడేళ్ల పిల్ల విషయంలో అది పనికిరాదు. ఇరవై ఎనిమిదో రోజుకు ఆ పిల్ల ఒంట్లోంచి పరాన్నజీవి పూర్తిగా పోయిందా అన్నది తర్వాతి సంగతి. మొదటి పన్నెండు గంటల్లో రక్తంలో ఏం జరుగుతుందన్నదే ప్రాణానికి ముడిపడిన విషయం. తీవ్ర మలేరియా మీద జరుగుతున్న జన్యు పరిశోధన ఏ మూల చదివినా ఆ గంటల దగ్గరికే తీసుకొస్తోంది. మందు బలహీనపడుతున్నది కూడా సరిగ్గా ఆ గంటల్లోనే.

ముందు వ్యాధి ఎంత పెద్దదో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా సోకింది. 5 లక్షల 97 వేల మంది చనిపోయారు. మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడ చనిపోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలోపు పిల్లలు. తీవ్ర మలేరియా పలు రూపాల్లో వస్తుంది. ఒంట్లో రక్తం విరిగిపోవడం ఒకటి, ఊపిరి అందకపోవడం ఒకటి. అన్నిటికంటే భయంకరమైనది మెదడుకు ఎక్కేది, వైద్యులు సెరిబ్రల్ మలేరియా అనేది. ఆసుపత్రికి చేరి, సరైన మందు పడ్డాక కూడా ఈ పిల్లల్లో నూటికి పదిహేను నుంచి ఇరవై మంది దక్కడం లేదు.

ఇది చేసే పరాన్నజీవి ప్లాస్మోడియం ఫాల్సిపారం. ఎర్ర రక్తకణంలో దూరాక దానిది 48 గంటల జీవితం. మొదటి సగంలో అది చిన్న ఉంగరం ఆకారంలో ఉండి రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. రక్తపూతను మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు కనబడేవి ఈ ఉంగరాలే. రెండో సగంలో సంగతి వేరు. పెరిగిన పరాన్నజీవి ఉన్న కణం బిరుసెక్కుతుంది. అలాంటి కణం ప్లీహం గుండా వెళితే అక్కడే వడకట్టుకుపోతుంది. అందుకని అది ప్లీహానికి చిక్కకుండా సన్నటి రక్తనాళాల గోడలకు అంటుకుని దాక్కుంటుంది. అంటుకోవడానికి కావలసిన ప్రోటీన్‌ను తనే తయారుచేసి, తానున్న కణం పైతోలు మీదికి నెడుతుంది. ఆ నాళాలు మెదడులోవి అయినప్పుడు పిల్లవాడు కోమాలోకి వెళతాడు.

ఆ ప్రోటీన్‌ను తయారుచేసే వార్ జన్యువుల కుటుంబాన్ని శాస్త్రవేత్తలు 1995లో గుర్తించారు. ఒక్కో పరాన్నజీవిలో ఇలాంటివి సుమారు అరవై ఉంటాయి. పగటివేషగాడి పెట్టెలో అరవై వేషాలున్నా ఊళ్లోకి వచ్చేది ఒక్క వేషంతోనే కదా, ఇదీ అంతే. ఒకసారికి ఒక్క జన్యువు పనిచేస్తుంది, మిగతావి నోరు మూసుకుని ఉంటాయి. శరీరం ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టి ప్రతిరక్షకాలు తయారుచేసుకునేలోగా పరాన్నజీవుల్లో కొన్ని ఇంకో జన్యువుకు మారిపోతాయి. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి జ్వరాలు పడి చాలా రూపాలను గుర్తుపట్టడం నేర్చుకుంటారు. పసివాడికి అన్నీ కొత్తే.

అరవైలో మెదడుకు చేటు చేసేవి ఏవి? టాంజానియా పిల్లల రక్తంలో ఏ వార్ జన్యువులు చురుగ్గా ఉన్నాయో కొలిచి, ఒక డేనిష్-టాంజానియన్ బృందం 2012లో కొంత జవాబు చెప్పింది. మామూలు మలేరియా పిల్లల్లో కంటే తీవ్ర మలేరియా పిల్లల్లో కొన్ని ప్రత్యేక రకాలే ఎక్కువగా పలికాయి. అవి రక్తనాళపు గోడ మీద దేన్ని పట్టుకుంటున్నాయో మరుసటి ఏడాదికి తేలింది. అది ఈపీసీఆర్ అనే గ్రాహకం. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా, నాళపు గోడ చెమ్మగిల్లకుండా కాపాడే ప్రోటీన్-సి అనేది అతుక్కునే చోటు అదే. పరాన్నజీవి ఆ చోటును ఆక్రమిస్తే రక్షణ తెగిపోతుంది, గోడ కారడం మొదలవుతుంది. అసలే మెదడు నాళాల్లో ఈ రక్షణ వ్యవస్థ పలచగా ఉంటుందని మలావీలో చనిపోయిన పిల్లల మెదడు కణజాలాన్ని పరీక్షించినవారు చూపించారు. దెబ్బ ఆ చోటునే ఎందుకు తగులుతుందో దీంతో కొంత అర్థమవుతుంది.

ఇది కథలో ఒక సగం. రెండో సగం పిల్లవాడి సొంత జన్యువులది. ఒక్క చుక్క రక్తంలో రెండు ప్రాణుల జన్యువులు ఒకేసారి పనిచేస్తుంటాయి, ఒకటి మనిషివి, ఒకటి పరాన్నజీవివి. రెండింటి ఆర్‌ఎన్‌ఏనూ కలిపి చదివే పద్ధతి ఇప్పుడుంది. గాంబియాలో మలేరియా సోకిన 46 మంది పిల్లల రక్తాన్ని ఇలా చదివిన ఫలితాలు 2018లో వచ్చాయి. తీవ్ర వ్యాధిలో, మామూలు వ్యాధిలో వేర్వేరుగా పనిచేస్తున్న జన్యువులు రెండు పక్షాల్లోనూ వందల్లో తేలాయి. వ్యాధి ముదిరిన పిల్లలందరిలోనూ న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమలో దాచుకునే ఆయుధాలకు సంబంధించిన జన్యువులు విజృంభించి ఉన్నాయి. కోమాలో ఉన్నవారి జన్యు చిత్రం వేరుగా, రక్తంలో లాక్టేట్ పెరిగినవారిది వేరుగా కనబడింది. ప్రమాదం వచ్చిందని కేకవేసే ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ సకాలంలో అణగకపోవడం కూడా తీవ్రతకు ఒక కారణంగా తేలింది.

ఆ పరిశోధనలో అందరూ దాటిపోయే ఒక వాక్యం ఉంది. మనిషి జన్యువుల్లో కనబడిన ఆ తేడాల్లో గరిష్ఠంగా 99 శాతం వరకు, ఒంట్లో మొత్తం ఎన్ని పరాన్నజీవులున్నాయన్న దాన్నిబట్టే వచ్చినవి. పరాన్నజీవి జన్యువుల తీరు మాత్రం దాని సంఖ్యతో పెద్దగా ముడిపడలేదు. ఈ సంపాదకీయం అంతటికీ ఆధారం ఇదే. పిల్లవాడి ఒంట్లో జరిగే విధ్వంసంలో చాలా భాగం పరాన్నజీవుల భారానికి ప్రతిస్పందన. భారం ఎంత త్వరగా దిగితే విధ్వంసం అంత త్వరగా ఆగే అవకాశం ఉంది. అది దిగడం ఆలస్యమైతే ఏ జన్యువు పాత్ర ఎంతో లెక్కకట్టుకుంటూ కూర్చోవడమే మిగులుతుంది.

జన్యు పరిశోధన అనగానే ఇక అంతా తెలిసిపోయినట్టు రాసేవాళ్లున్నారు. అలా లేదు. రక్తంలో దొరికేవి తిరుగాడే ఉంగరాలే. అసలు అపరాధులు మెదడు నాళాల్లో అతుక్కుని ఉంటాయి, సూదికి అందవు. వాటిని చూడాలంటే బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల అనుమతితో శవపరీక్ష చేయాలి. మలావీలోని బ్లాన్‌టైర్ నగరంలో, క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్‌లో టెరీ టేలర్ బృందం ఆ కష్టమైన పని చేసింది. సెరిబ్రల్ మలేరియాతో చనిపోయారని వైద్యులు నిర్ధారించిన 31 మంది పిల్లల్లో ఏడుగురి మెదడులో మలేరియా జాడే లేదు. రక్తంలో పరాన్నజీవులున్నాయి గానీ చంపింది వేరే జబ్బు. 2004లో ఈ ఫలితం వచ్చాక పరిశోధకులు ఉలిక్కిపడ్డారు. ఈ రెండు రకాల పిల్లలనూ విడదీయగలిగిన గుర్తు ఒక్కటే దొరికింది. కంటి లోపలి తెర మీద మలేరియా వదిలే తెల్లటి మచ్చలు, రంగు మారిన నాళాలు. అంటే ఎంతో ఖర్చుపెట్టి చేసే జన్యు పరీక్ష సరైన పిల్లల మీద జరుగుతోందా లేదా అని తేల్చేది చివరికి కంటి డాక్టరు చేతిలోని చిన్న పరికరం! కంటిలోకి చూడకుండా తీసిన పాత లెక్కలను కొంచెం అనుమానంతోనే చదవాలి.

అదే ఆసుపత్రిలో ఎమ్మారై యంత్రం వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. చనిపోయిన పిల్లల్లో 84 శాతం మందికి ఆసుపత్రిలో చేరేనాటికే మెదడు విపరీతంగా ఉబ్బి ఉంది. బతికినవారిలో అలా ఉన్నవారు 27 శాతమే. వాచిన మెదడు పుర్రెలో పట్టక కిందికి నొక్కుకుని, ఊపిరిని నడిపే భాగం మీద బరువు వేస్తుంది. పిల్లవాడు ఊపిరి ఆగి చనిపోతాడు. వాపు ఉండి కూడా బతికినవారిలో చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే అది దిగిపోయింది. చావుకూ బతుకుకూ మధ్య ఉన్నది అంత తక్కువ వ్యవధి.

వాపే చంపుతున్నప్పుడు వాపు తగ్గించే మందు ఇవ్వరేం అని ఎవరికైనా తోస్తుంది. ఇచ్చి చూశారు. స్టెరాయిడ్ ఇస్తే కోమా ఇంకా సాగిందని థాయ్‌లాండ్ రోగుల మీద జరిగిన పరీక్ష 1982లోనే చెప్పింది. మానిటాల్ అనే మందు ఉగాండా పిల్లలకు మేలు చేయలేదు. భారతదేశంలో పెద్దవాళ్ల మీద వాడితే కోమాను పొడిగించింది. వాపుకు మూలమనుకున్న టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాన్ని గాంబియా పిల్లలకు ఇచ్చారు. మరణాలు తగ్గలేదు సరిగదా, బతికినవారిలో నరాల లోపాలు పెరిగాయి. ఫిట్స్ రాకుండా ముందుగానే ఫెనోబార్బిటాల్ ఇస్తే కెన్యాలో ఫిట్స్ తగ్గాయి, మరణాలు మాత్రం రెట్టింపుకు పైగా పెరిగాయి. తీవ్ర జ్వరంతో వచ్చిన ఆఫ్రికా పిల్లలకు గబగబా సెలైన్ ఎక్కిస్తే ఎక్కువమంది చనిపోతున్నారని 2011లో తేలింది. వీరిలో సగానికి పైగా మలేరియా పిల్లలే. ఇవన్నీ మంచి ఉద్దేశంతో, అప్పటి శాస్త్రం ప్రకారం సబబే అనిపించిన ప్రయోగాలు. జన్యు పట్టికలో ఏదో ఒక పేరు పైకి వచ్చింది కాబట్టి దాన్ని అణిచే మందు వేద్దామనే వాళ్లు ముందు ఈ చరిత్ర చదవాలి.

పిల్లవాడి మెదడును నేరుగా కాపాడే మందు ఏదీ నెగ్గలేదు. నెగ్గింది పరాన్నజీవిని చంపే మందు ఒక్కటే. ఆర్టిసునేట్, క్వినైన్‌లను తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో 5,425 మంది పిల్లల మీద పోల్చి చూశారు. క్వినైన్ తీసుకున్నవారిలో 10.9 శాతం, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 8.5 శాతం చనిపోయారు. 2010లో వచ్చిన ఈ లెక్కే ప్రపంచమంతటా చికిత్సను మార్చింది. అంతకుముందు 2005లో ఆసియాలో జరిగిన పరీక్షలో తేడా ఇంకా పెద్దది. ఆ పరీక్షలో మన దేశపు రోగులు కూడా ఉన్నారు.

ఆర్టిసునేట్ ఎందుకు మెరుగు? క్వినైన్ ముఖ్యంగా పెరిగిన పరాన్నజీవుల మీద పనిచేస్తుంది, అంటే అప్పటికే నాళాల గోడలకు అతుక్కున్నవాటి మీద. ఆర్టిసునేట్ ఉంగరం దశలోనే పట్టుకుంటుంది. ఇంకా రక్తంలో తిరుగుతూ, కొన్ని గంటల్లో మెదడు నాళాలకు అతుక్కోబోయే తరాన్ని మధ్యలోనే తుంచేస్తుంది. ఇంజెక్షన్ పడ్డాక కొత్తగా అతుక్కునేవి ఉండవు, భారం పెరగదు. వందలో ఇద్దరు ముగ్గురు పిల్లలు అదనంగా బతికింది ఈ ఒక్క సుగుణం వల్లేనని చాలామంది వైద్యుల అభిప్రాయం.

ఇప్పుడు పరాన్నజీవి జన్యువు మారుతున్నది సరిగ్గా అక్కడే. కెల్చ్-13 అనే జన్యువులో వచ్చే కొన్ని మార్పులు పరాన్నజీవికి ఉంగరం దశలో మందును తట్టుకునే శక్తినిస్తాయి. రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ను పరాన్నజీవి తింటున్నప్పుడు విడుదలయ్యే ఇనుము కలిగిన హీమ్ తగిలితేనే ఆర్టిసునేట్‌కు మూలమైన ఆర్టిమిసినిన్ విషంగా మారుతుంది. జన్యువు మారిన ఉంగరం ఆ కొద్ది గంటలు తిండి తగ్గించుకుంటుంది. మందు మేల్కొనదు. ఆర్టిసునేట్ రక్తంలో ఎక్కువ సేపు నిలవదు కాబట్టి అది పోయేదాకా తల వంచుకుని ఉండి, తర్వాత లేచి ఎదుగుతుంది. మాత్రలు మింగే రోగికి ఇది రెండు మూడు రోజుల ఆలస్యం. జ్వరం మెదడుకెక్కిన పిల్లకు మాత్రం, తుంచేయవలసిన తరం తప్పించుకుని మెదడు నాళాల వైపు సాగడం. క్వినైన్ కంటే ఆర్టిసునేట్‌కు ఉన్న ఆధిక్యం మొత్తం ఆ గంటల్లోనే ఉందనుకుంటే, ఆ గంటలు పోయాక మిగిలేది ఏమిటి?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ నిరోధం వల్లే ఆఫ్రికా పిల్లల మరణాలు పెరిగాయని చెప్పే ఆధారం ఇంకా లేదు. జింజా లెక్క ఒక్క ఆసుపత్రిది, వంద మందిది. కానీ ఆధారం అంటే ఇక్కడ పిల్లల శవాలు. వాటిని లెక్కపెట్టాకే కదులుతామనడం శాస్త్రీయత కాదు. ఒకసారి అలా చేశాం కూడా.

ఆ సారి మందు క్లోరోక్విన్. దానికి లొంగని ఫాల్సిపారం 1950ల చివర్లో ఆగ్నేయాసియాలో తలెత్తింది. 1970ల చివరికి తూర్పు ఆఫ్రికాలో దిగింది. తర్వాతి పదేళ్లలో ఖండమంతా పాకింది. చవకైన మందు, అందరికీ అలవాటైన మందు, ఇంకా కొంతమందికి పనిచేస్తూనే ఉన్న మందు కాబట్టి ప్రభుత్వాలు దాన్ని పట్టుకునే వేలాడాయి. ఆఫ్రికాలో మొదటగా దాన్ని పక్కన పెట్టిన దేశం మలావీ, అదీ 1993లో. ఈలోగా సెనెగల్ పల్లెల్లో పిల్లల మలేరియా మరణాలు కొన్నిచోట్ల రెండు రెట్లు, కొన్నిచోట్ల అంతకు ఎన్నో రెట్లు పెరిగాయి. నిరోధానికి మూలమైన జన్యువు ఏదో శాస్త్రవేత్తలు కనిపెట్టింది 2000లో. అంటే ఆఫ్రికాలో దిగిన ఇరవై ఏళ్లకు పైగా గడిచాక, లెక్కలేనంత మంది పిల్లలు పోయాక.

ఆనాటి వాళ్లకు ఒక సాకు ఉంది, జన్యువు తెలియదు. మనకు అది లేదు. కెల్చ్-13 సంగతి 2014 నుంచి తెలుసు. కంబోడియాలో మందు మందగిస్తున్నదని 2008 నుంచే తెలుసు. రువాండాలో మారిన జన్యువు వ్యాపిస్తోందని 2020లో రాశారు. ఉత్తర ఉగాండా సంగతి 2021లో రాశారు. ఎరిట్రియాలో ఇంకో మార్పు కనబడింది. రువాండాలోది ఆసియా నుంచి వచ్చిందని అనుకున్నవారికి అది అక్కడే పుట్టిందన్న జవాబు కూడా దొరికింది. ఒక చోట గేటు వేసి ఆపగలిగే రోజులు పోయాయన్నమాట. ఇంత ముందుగా, ఇంత వివరంగా హెచ్చరిక అందిన మలేరియా నిరోధం చరిత్రలో ఇంకొకటి లేదు.

ఇంత చూడగలిగిన కాలంలోనే కళ్లు మూసే పని మొదలైంది. 2023లో మలేరియా మీద ప్రపంచం ఖర్చుపెట్టింది 400 కోట్ల డాలర్లు. కావలసింది 830 కోట్లు. ఆ చాలీచాలని డబ్బులో పెద్ద వాటా అమెరికాది. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపివేసింది. అదే ఏడాది జులై నాటికి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే మూతపడింది. జార్జ్ బుష్ కాలంలో 2005లో మొదలై ఆఫ్రికాలో దోమతెరలు, స్ప్రేయింగ్, మందులు నడిపిన మలేరియా కార్యక్రమం అతలాకుతలమైంది. దోమతెర ఆగితే ఏం జరుగుతుందో చెప్పడానికి కొత్త పరిశోధన అక్కర్లేదు. ఉత్తర ఉగాండాలో ఇళ్లలో స్ప్రేయింగ్ 2014లో ఆపితే కొన్ని నెలల్లోనే మలేరియా తిరగబడింది. సాయం కోతల్లో అందరికీ కనబడేవి తెరలూ మందులే. ఎవరికీ కనబడకుండా పోయేవి రక్తపు చుక్కలు ఆరబెట్టిన కాగితాలు, వాటిని చదివే ప్రయోగశాలలు, నెలనెలా జిల్లాల నుంచి వచ్చే లెక్కలు. కెల్చ్-13 ఎక్కడిదాకా పాకిందో చెప్పేవి అవే.

ఇంకో జన్యువు గురించి కూడా చెప్పాలి. వేలు గుచ్చి చేసే రాపిడ్ టెస్ట్ కిట్లలో ఎక్కువ భాగం హెచ్‌ఆర్‌పీ-2 అనే పరాన్నజీవి ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. ఆ జన్యువునే వదిలించుకున్న ఫాల్సిపారం మొదట పెరూలో, తర్వాత ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో కనబడింది. ఎరిట్రియా కిట్లనే మార్చుకోవలసి వచ్చింది. పరీక్షకు దొరకదు, మందుకు సగమే లొంగుతుంది. ఈ రెండు గుణాలూ ఒకే చోట చేరే సూచనలు ఆ ప్రాంతంలో ఇప్పటికే ఉన్నాయి. కిట్ ‘లేదు’ అన్నాక జ్వరంతో ఇంటికి పంపిన పిల్లవాడు మళ్లీ ఆసుపత్రికి వచ్చేది కోమాలోనే.

బతికి బయటపడినవారి సంగతి ఎవరూ అడగరు. ఉగాండాలో సెరిబ్రల్ మలేరియా నుంచి కోలుకున్న పిల్లలను రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే నలుగురిలో ఒకరికి ఆలోచనాశక్తిలో, జ్ఞాపకంలో, చదువుకు కావలసిన ఏకాగ్రతలో లోపం కనబడింది. మలావీలో కంటి పరీక్షతో నిర్ధారించిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి మూర్ఛ వ్యాధో, ప్రవర్తనలో తేడానో, నరాల లోపమో మిగిలింది. మరణాల పట్టికలోకి రాని నష్టం ఇది. పరాన్నజీవి భారం కొన్ని గంటలు ఎక్కువ నిలిస్తే ఈ లెక్క కూడా పెరిగే ప్రమాదం ఉందని ఊహించడానికి పెద్ద తెలివి అవసరం లేదు.

మనకేం సంబంధం అనేవారికి జవాబు ఉంది. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టాడని ఏటా ఆగస్టు 20న చెప్పుకుని మురుస్తాం. మురిపెం అక్కడితో ఆగిపోతుంది. పాడేరు, చింతూరు ఏజెన్సీల్లో వానలు పడితే వచ్చే చలిజ్వరంలో ఫాల్సిపారం ఈనాటికీ ఉంది. కేసులు తగ్గిన మాట నిజం. తగ్గినచోట పుట్టిన పిల్లలకు ఆ జ్వరాన్ని తట్టుకునే అలవాటు తక్కువన్న మాట కూడా అంతే నిజం. మన ఈశాన్య రాష్ట్రాల్లో జత మందు పనిచేయక 2013లో చికిత్సనే మార్చారు. కాబట్టి మందుకు లొంగని ఫాల్సిపారం మనకు పరదేశి కాదు. కంపాలా, కిగాలీ, దార్-ఎస్-సలాం నగరాల్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునే తెలుగువాళ్లున్నారు. సెలవులకు పిల్లలతో వచ్చిపోతుంటారు. ఇక్కడ పెరిగి అక్కడికి వెళ్లినవారి ఒళ్లకు ఆ జ్వరం పూర్తిగా కొత్త.

సంబంధం ఇంకో వైపు నుంచి కూడా ఉంది. మలేరియా మాత్రల్లో పెద్ద భాగం భారతీయ కంపెనీలవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసిన ఆర్-21 టీకా పుణేలో తయారవుతోంది. 2021లో సిఫారసు పొందిన ఆర్‌టీఎస్-ఎస్ టీకా తయారీ పరిజ్ఞానం హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కు బదిలీ అవుతోంది. 2028 నాటికి డోసు ధరను అయిదు డాలర్ల లోపుకు దించుతామని ఆ కంపెనీ, జీఎస్‌కే కలిసి ప్రకటించాయి. మంచిదే. అయితే రెండు టీకాలూ దోమ కుట్టిన వెంటనే వచ్చే దశను లక్ష్యం చేసుకున్నవి. రక్షణ పాక్షికం, కాలంతో తగ్గేది. రక్తంలో దిగిన పరాన్నజీవి మీద, వార్ జన్యువుల మీద వాటికి పట్టు లేదు. టీకా వచ్చింది కదా, మందు సంగతి తర్వాత చూసుకోవచ్చనే మాట కొన్ని చోట్ల వినబడుతోంది. ఆ మాట ప్రమాదకరం.

కొత్త మందులు రావా? వస్తున్నాయి. ఆర్టిమిసినిన్ లేని గానాప్లాసైడ్ జోడీ మందు పెద్ద పరీక్షలు పూర్తిచేసుకుంది. కానీ అది నోటితో తీసుకునే మందు. కోమాలో ఉన్న పిల్ల మింగలేదు. నరంలోకి ఎక్కించే సిపార్గమిన్ ఇంకా పరీక్షల దశలోనే ఉంది. అది నెగ్గినా ఊళ్లలోని ఆసుపత్రుల దాకా చేరడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా స్పృహ లేని పిల్లకు ముఖ్యంగా ఉన్న ఇంజెక్షన్లు ఆర్టిసునేట్, దానికి ముందు తరపు క్వినైన్.

అందుకే మూడు పనులు ఇప్పుడే జరగాలి. తూర్పు ఆఫ్రికాలో తీవ్ర మలేరియాతో చేరే పిల్లల రక్తంలో కెల్చ్-13ను, పరాన్నజీవి తగ్గే వేగాన్ని జింజాలో లాగే ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ క్రమం తప్పకుండా కొలవాలి. ఇప్పుడు ఎక్కువగా చూస్తున్నది మామూలు జ్వరపు రోగులను. చనిపోయేది వాళ్లు కాదు. నిరోధం తేలిన జిల్లాల్లో ఆర్టిసునేట్‌కు తోడుగా క్వినైన్ కూడా మొదటి రోజు నుంచే ఇస్తే పిల్లల ప్రాణాలు మిగులుతాయా అన్నది పరీక్షించి తేల్చాలి. మరణాలు పెరిగేదాకా ఆగి తర్వాత తేల్చుకుందామంటే అది క్లోరోక్విన్ కథే. ఇక అమెరికా వదిలేసిన ప్రయోగశాలల ఖర్చు. దోమతెరల ఖర్చుతో పోలిస్తే అది చిన్న మొత్తం. దాన్ని భరించగల దేశాల్లో భారతదేశం ఒకటి. ఆఫ్రికాకు మాత్రలమ్మి లాభపడుతున్న దేశం ఆ మాత్రలు ఎక్కడ పనిచేయడం మానేస్తున్నాయో కనిపెట్టే ఖర్చులో వాటా వేసుకోవడం దానధర్మం కాదు, బాధ్యత. ఢిల్లీలో ఆఫ్రికా దేశాధినేతలతో సదస్సులు జరిపి ఫొటోలు దిగే ప్రభుత్వం ఈ పద్దును ఒప్పందంలో రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఏజెన్సీ ఆసుపత్రుల్లో దొరికే ఫాల్సిపారం నమూనాలను జన్యు పరీక్షకు పంపే ఏర్పాటును ఈ వానాకాలం లోపే చేయాలి.

ఆఫ్రికా నుంచి వచ్చిన పాఠకులకు ఒక మాట. తిరిగొచ్చాక పిల్లలకు జ్వరం వస్తే, నెల దాటినా సరే, ఎక్కడి నుంచి వచ్చారో డాక్టరుకు అన్నిటికంటే ముందు చెప్పండి. కిట్‌లో లేదన్నా రక్తపూత తీయించమని అడగండి. పిల్ల మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆ రాత్రి గడవనిద్దాం అనుకోకండి.